వార్డులో రెండో దగ్గు

మన దేశంలో ఫ్లూకి అన్ని ఊళ్లలోనూ ఒకే కాలం అంటూ లేదు. శ్రీనగర్‌లో అది చలికాలపు జబ్బు, జనవరి నుంచి మార్చి దాకా ఉంటుంది. ఢిల్లీలోనూ పుణేలోనూ వానాకాలపు జబ్బు, జులైలో మొదలై సెప్టెంబరుకి తగ్గుముఖం పడుతుంది. చెన్నై, వేలూరులలో మాత్రం అక్టోబరు, నవంబరు నెలల్లో విజృంభిస్తుంది. అంటే ఈశాన్య రుతుపవనాల వెంటే వస్తుందన్న మాట. ప్రయోగశాలలు ఏళ్ల తరబడి ముక్కు, గొంతు నమూనాలు పరీక్షించి తేల్చిన సంగతి ఇది. వ్యాసర్పాడి వాళ్లకి ఆ లెక్కలతో పని లేదు. గణేశపురం సబ్‌వేలో నీళ్లు నిలిచి బస్సులు దారి మళ్లే రోజుల్లో ఇంటికొకరైనా ముక్కు చీదుతూ కనిపిస్తారు.

వ్యాసర్పాడి ఉత్తర చెన్నైలో కార్మికుల పేట. ఒక పక్క పెరంబూరు రైల్వే కార్ఖానాలు, మరో పక్క పులియాంతోపు. నగర పారిశుద్ధ్య పనిలోనూ రైల్వేలోనూ తరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలకు ఉత్తర చెన్నై పుట్టినిల్లు లాంటిదే. స్లమ్ బోర్డు కట్టించిన ఇళ్లలో ఉన్నది ఒక గది, ఒక వంట మూల. వాన పట్టుకుంటే కిటికీలు మూసేస్తారు, అయిదారుగురు ఆ గదిలోనే పడుకుంటారు. బడికెళ్లే అన్న తెచ్చిన జలుబు చెల్లికి అంటడానికి ఒక రాత్రి చాలు. మామూలు ఇంట్లో అయితే అదో పెద్ద విషయం కాదు. మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందని నవ్వుకుంటాం.

ఆ చెల్లి లుకేమియాకు చికిత్స తీసుకుంటున్న నాలుగేళ్ల పిల్ల అయితే మాత్రం నవ్వులాట కాదు.

పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. రెండు నుంచి అయిదేళ్ల వయసులో ఎక్కువ. సరైన చికిత్స అందితే నయమయ్యే జబ్బే, కానీ ఆ చికిత్స రెండేళ్లు దాటి సాగుతుంది. వ్యాసర్పాడి నుంచి ఎగ్మూరు పిల్లల ఆసుపత్రి ఆటోలో వెళ్లేంత దూరమే. అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి నగరం ఆ చివరికి, పదిహేను కిలోమీటర్లు పోవాలి. దాన్ని స్థాపించిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి చెల్లెలు 1923లో క్యాన్సర్‌తో కన్నుమూసింది. ఆ దుఃఖంలోంచి పుట్టిన సంకల్పం 1954లో పన్నెండు మంచాల ఆసుపత్రి అయింది. ఆమె కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి, డాక్టర్ వి. శాంత కలిసి దాన్ని పెంచారు. చెన్నైలోని ఇలాంటి ఆసుపత్రులకు నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి కూడా పిల్లల్ని ఎత్తుకొని వస్తారు. ఒకే వార్డులో వ్యాసర్పాడి పిల్ల, సూళ్లూరుపేట పిల్లవాడు పక్క పక్క మంచాల మీద ఉంటారు. ఒక్కొక్కరు ఒక్కో వీధి జలుబుని వెంట తెచ్చుకోగలరు.

కీమో నడుస్తున్న ఇళ్లలో అందరికీ తెలిసిన మాట ఒకటుంది: “కౌంట్ పడిపోయింది.” ఆ కౌంట్ న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలది. మైక్రోలీటరు రక్తంలో వాటి సంఖ్య 500 కన్నా తగ్గితే శరీరం దాదాపు కాపలా లేని స్థితికి చేరినట్టే. ఆ దశలో జ్వరం వస్తే డాక్టర్లు ఆగరు. రక్తం కల్చర్‌కి పంపి, గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. అలాగే చెయ్యాలి కూడా, ఎందుకంటే బ్యాక్టీరియా రక్తంలో చేరితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. కానీ ఈ తొందరలో వైరస్ సంగతి వెనకబడుతుంది. పైగా కౌంట్ పడిపోయిన పిల్లలో జబ్బు తన ఆనవాళ్లు సరిగా చూపదు. ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో కనిపించే తెల్లటి నీడకు చాలావరకు కారణం అక్కడ పోగయ్యే తెల్లకణాలే. ఆ కణాలే లేనప్పుడు న్యుమోనియా మొదలైనా ఎక్స్‌రే శుభ్రంగా ఉండొచ్చు. కఫం ఉండదు, గురక ఉండదు. రెండు రోజులు కాస్త ముక్కు కారి, మూడో రోజు పిల్ల డొక్కలెగరేస్తుంటే అప్పుడు తెలుస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌ని వారం రోజులో, ఆ పైన కాస్తో బయటికి వదులుతారు. రోగనిరోధక శక్తి అణగారిన పిల్లలు దాన్ని కొన్ని వారాల పాటు వదులుతూనే ఉండొచ్చు. దగ్గు తగ్గిపోయి ఆడుకుంటున్న పిల్ల కూడా పక్క మంచానికి జబ్బు పంచగలదు.

అందుకే ఇలాంటి వార్డులో మొదటి దగ్గు కన్నా రెండో దగ్గు ముఖ్యం. మొదటిది ఇంటి నుంచి వచ్చి ఉండొచ్చు. రెండోది దానికి చుట్టమా, కాదా అన్నదే అసలు ప్రశ్న. వార్డులో వైరస్ వ్యాప్తి మొదలైందని కనిపెట్టే పనంతా చివరికి ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

దీనికి మొదటి పనిముట్టు ఖరీదైన యంత్రం కాదు, తేదీలు. ఒంట్లోకి దూరిన వైరస్ లక్షణాలు చూపడానికి కొంత గడువు తీసుకుంటుంది. ఇన్‌ఫ్లుయెంజా-ఎ కి అది సగటున ఒకటిన్నర రోజు. ఆర్‌ఎస్‌వీకి నాలుగైదు రోజులు. అడెనో వైరస్‌కి అయిదారు రోజులు. పిల్ల ఆసుపత్రిలో చేరిన తేదీ, ముక్కు కారడం మొదలైన తేదీ పక్కపక్కన రాస్తే, ఆ వైరస్ ఇంటి నుంచి వచ్చిందా వార్డులో అంటిందా అన్నది చాలావరకు తేలిపోతుంది.

ఊహకి ఒక వార్డు తీసుకుందాం, ఇరవై మంచాలు. ఏడో మంచం పాప నవంబరు 3న చేరింది, 4న ముక్కు కారింది, పరీక్షలో ఆర్‌ఎస్‌వీ. ఇది ఇంటి సరుకే. తొమ్మిదో మంచం బాబు అక్టోబరు 28 నుంచి వార్డులోనే ఉన్నాడు. నవంబరు 9న దగ్గు మొదలైంది. చేరి పన్నెండు రోజులైంది కాబట్టి ఇది వార్డులో అంటినదే. ఇక్కడిదాకా ఎవరైనా పట్టుకుంటారు. వార్డు ఆ చివర, పదహారో మంచం పాపకి నవంబరు 10న జ్వరం. ఆమె ఏడో మంచం దరిదాపులకి కూడా వెళ్లలేదు. మరి ఎలా? రిజిస్టరు తిరగేస్తే 5వ తేదీ సాయంత్రం ఇద్దరూ ఆటల గదిలో ఉన్నారని తెలుస్తుంది, లేదా రక్తం తీసే ట్రాలీ ఒకరి తర్వాత ఒకరి దగ్గరకి వెళ్లి ఉంటుంది. మంచాల నంబర్లు రాసుకున్న వాళ్లు ఇక్కడ ఆగిపోతారు. మనుషులూ వస్తువులూ ఎటు తిరిగాయో రాసుకున్న వాళ్లు ముందుకు పోతారు.

నాలుగో పిల్లవాడు అన్నిటికన్నా గడుసు కేసు. వాడు వార్డులో లేనే లేడు. 5వ తేదీన డే కేర్‌కి వచ్చి, విన్‌క్రిస్టిన్ అనే కీమో సూది వేయించుకుని, రెండు గంటలు కూర్చుని ఇంటికి పోయాడు. 10న జ్వరంతో వస్తే వార్డులో చేర్చుకున్నారు. రికార్డులో “ఇంటి నుంచి వచ్చిన ఇన్‌ఫెక్షన్” అని పడుతుంది. నిజానికి అది ఆసుపత్రి కుర్చీలోనే అంటింది. లుకేమియా పిల్లలు నెలకి ఎన్నోసార్లు ఇలా వచ్చిపోతూ ఉంటారు. చేరిన పిల్లల్ని మాత్రమే లెక్కపెట్టే పద్ధతి సగం వ్యాప్తిని చూడలేదని నా నమ్మకం. ఓపీ హాలులో బెంచీల మీద ఎవరు ఎవరి పక్కన ఎంతసేపు కూర్చున్నారో ఏ పుస్తకంలోనూ ఉండదు.

తేదీల తర్వాత పని సంఖ్యలది. వార్డులో వారానికి సగటున ఇద్దరు పిల్లలకి కొత్తగా జలుబు చేస్తుందనుకోండి. ఒక వారం ముగ్గురికి, తర్వాత నలుగురికి, మళ్లీ నలుగురికి, ఆపై అయిదుగురికి చేసింది. ఏ వారానికి ఆ వారం చూస్తే “ఒకరిద్దరు ఎక్కువ, అంతే” అనిపిస్తుంది. ఎవరూ ఉలిక్కిపడరు. ఇంగ్లండ్‌కి చెందిన గణాంక శాస్త్రవేత్త ఇ.ఎస్. పేజ్ ఇలాంటి నత్తనడక మార్పుల్ని పట్టుకునే ఉపాయం ఒకటి చెప్పాడు. అడయారు ఆసుపత్రి తెరిచిన 1954లోనే! ఆయన మనసులో ఉన్నది కార్ఖానాల్లో తయారయ్యే సరుకు నాణ్యత, ఆసుపత్రులు దాన్ని తర్వాత అందిపుచ్చుకున్నాయి. ఈ పద్ధతి కిరాణా కొట్టు ఖాతా లాంటిది: రోజూ చిన్న చిన్న బాకీలే, కానీ కొట్టువాడు వాటిని మరిచిపోడు, కలుపుకుంటూ పోతాడు. మన వార్డులో మామూలు ఇద్దరికి ఇంకొకరిని చేర్చి, ముగ్గురి దాకా పట్టించుకోం. అంతకు మించిన వాళ్లని ఖాతాలో కలుపుతాం, తక్కువైతే తీసేస్తాం, సున్నా కిందకి మాత్రం పోనివ్వం. ఖాతా నాలుగుకి చేరితే గంట కొడతాం. వారాల వరస 2, 3, 4, 4, 5 అయితే ఖాతా 0, 0, 1, 2, 4 అవుతుంది. అయిదో వారం గంట మోగింది. “ఒక్క వారంలో ఆరుగురైతే చూద్దాం” అని కూర్చున్న వార్డుకి ఇంకా ఏమీ తెలియదు.

గంట మోగినంత మాత్రాన వార్డులో వ్యాప్తి ఉన్నట్టు కాదు. నవంబరులో నగరమంతా దగ్గుతుంటే వార్డూ దగ్గుతుంది. అందుకే వార్డు లెక్కని బయటి లెక్క పక్కన పెట్టి చూడాలి. గిండీలో 1899లో మొదలైన కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఈ రాష్ట్రానికి పెద్ద దిక్కు. 2009 స్వైన్ ఫ్లూ నుంచి కోవిడ్ దాకా చెన్నై నమూనాలు చేరిన ముఖ్యమైన చోట్లలో అదొకటి. నగరంలో ఏ వైరస్ ఎప్పుడు పెరుగుతోందో తెలిస్తే, వార్డులో పెరుగుదల నగరానిదా, వార్డు సొంతమా అన్నది విడదీయొచ్చు. నగరం తగ్గుముఖం పట్టాక కూడా వార్డులో కేసులు పెరుగుతుంటే మాత్రం దొంగ ఇంట్లోనే ఉన్నట్టు.

పరీక్షలతో కూడా జాగ్రత్తగా ఉండాలి. ఇప్పుడు ఒక్క ముక్కు నమూనాతో పదిహేను, ఇరవై వైరస్‌లని ఒకేసారి వెతికే పీసీఆర్ ప్యానెళ్లు ఉన్నాయి. ఖర్చు వేలల్లో. కొత్త యంత్రం వచ్చిన నెలలో కేసులు హఠాత్తుగా పెరుగుతాయి. వైరస్ పెరిగి కాదు, వెతకడం పెరిగి. అక్టోబరులో జబ్బు చేసి తగ్గిన పిల్ల నవంబరులో మళ్లీ పాజిటివ్ వస్తే అది పాత వైరస్ తాలూకు అవశేషం కావొచ్చు. రైనో వైరస్ అయితే ఏ లక్షణమూ లేని పిల్లల ముక్కుల్లో కూడా దొరుకుతూ ఉంటుంది. ఎన్ని పరీక్షలు చేశారో చెప్పకుండా ఎన్ని పాజిటివ్‌లు వచ్చాయో చెప్పే లెక్క నమ్మదగింది కాదు.

2025 జనవరి మొదటి వారంలో చెన్నైలో ఒకటి, సేలంలో ఒకటి హెచ్‌ఎంపీవీ కేసులు బయటపడినప్పుడు టీవీలు చేసిన హడావిడి గుర్తుండే ఉంటుంది. ఆ వైరస్‌ని నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు కనిపెట్టింది 2001లో. అంతకు ముందు దశాబ్దాల నుంచీ అది మనుషుల్లో తిరుగుతూనే ఉంది. మామూలు పిల్లలకి అదో జలుబు. ఆ హడావిడి కాస్త అనవసరమే, కానీ కీమో వార్డులోని పిల్లలకి మాత్రం అది ఏ ఏడాదైనా భయపడాల్సిన వైరస్సే. టీవీలు సద్దుమణిగాక కూడా.

వైరస్ ఏదో తెలిస్తే ఏం లాభం, అన్నిటికీ మందుల్లేవుగా అని అడిగేవాళ్లున్నారు. లాభం ఉంది. ఫ్లూ అయితే ఒసెల్టామివిర్ ఉంది, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. మందు లేనివాటి విషయంలో కూడా ఎలా శుభ్రం చెయ్యాలన్నది వైరస్‌ని బట్టి మారుతుంది. ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ, హెచ్‌ఎంపీవీ, కరోనాలకు పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బుకీ చేతులకు రాసుకునే ఆల్కహాల్ ద్రవానికీ ఆ పొర కరిగి, వైరస్ చస్తుంది. అడెనో వైరస్‌కి ఆ పొర లేదు. ఆల్కహాల్‌కి అంత తేలిగ్గా లొంగదు, బ్లీచింగ్ ద్రావణంతో తుడవాలి. ఏ వైరస్సో తెలియకుండా చేసే శుభ్రం ఒక్కోసారి చేతుల తృప్తి కోసమే అవుతుంది.

ఆర్‌ఎస్‌వీ ఎలా అంటుతుందో తేల్చిన ఒక ప్రయోగం నాకు ఎప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. అమెరికాలోని రోచెస్టర్‌లో డాక్టర్ కరోలిన్ బ్రీస్ హాల్ బృందం 1981లో ప్రచురించింది. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 31 మందిని మూడు జట్లు చేశారు. ఏడుగురు జబ్బుపడ్డ పసివాళ్లని ఎత్తుకున్నారు, పాలు పట్టారు, గుడ్డలు మార్చారు. పదిమంది బిడ్డ గదిలో లేనప్పుడు వెళ్లి ఉయ్యాల, బొమ్మలు, బల్ల తాకి, అదే చేత్తో తమ ముక్కూ కళ్లూ రుద్దుకున్నారు. పద్నాలుగు మంది బిడ్డకి ఆరడుగుల అవతల కుర్చీలో కూర్చున్నారు. ఎత్తుకున్న ఏడుగురిలో అయిదుగురికి అంటింది. వస్తువులు తాకిన పదిమందిలో నలుగురికి అంటింది. దూరంగా కూర్చున్న పద్నాలుగు మందిలో ఒక్కరికీ అంటలేదు. బిడ్డని చూడను కూడా చూడని వాళ్లకి, ఉత్త బల్ల తాకినందుకే అంటింది! ఈ వైరస్ గట్టి వస్తువుల మీద కొన్ని గంటలు బతుకుతుందని, చేతుల మీద కూడా కాసేపు నిలుస్తుందని ఇదే బృందం అంతకు ముందు చూపించింది. ఫ్లూ, కోవిడ్ అలా కాదు, గాలిలో కూడా ప్రయాణిస్తాయి. కాబట్టి ఒక వైరస్ పాఠం ఇంకోదానికి అచ్చంగా సరిపోదు.

ఇన్ని చేశాక కూడా ఇద్దరు పిల్లల జబ్బు ఒకటేనా అన్న అనుమానం మిగిలితే ఆఖరి సాక్షి జన్యువు. ఆర్‌ఎస్‌వీ జన్యుపటంలో సుమారు 15,200 అక్షరాలు ఉంటాయి. ఏడాదికి రమారమి పది అక్షరాలు మారతాయి. కాబట్టి రెండు వారాల వ్యవధిలో ఒకరి నుంచి ఒకరికి అంటినప్పుడు రెండు వైరస్‌లూ అచ్చుగుద్దినట్టు ఒకటే ఉంటాయి, లేదా ఒక అక్షరం తేడా ఉంటుంది. ఏడో మంచానికీ తొమ్మిదో మంచానికీ నలభై అక్షరాలు తేడా వస్తే అవి వేరు వేరు ఇళ్ల నుంచి వచ్చినవే, మంచాలు దగ్గర్లోనే ఉన్నా సరే. అలాగని రెండూ ఒకటే అయినంత మాత్రాన వార్డుని దోషి అనలేం. ఇద్దరు పిల్లలూ వ్యాసర్పాడిలో ఒకే వీధి వాళ్లయితే, ఆ వీధిలో తిరుగుతున్న ఒకే వైరస్ ఇద్దరినీ వేరు వేరుగా పట్టుకుని ఉండొచ్చు. అందుకే జన్యువు దగ్గర మొదలెట్టినా మళ్లీ తేదీల రిజిస్టరు దగ్గరికే రావాలి.

వ్యాప్తి ఖాయమని తేలితే చేసే పనులు పెద్ద రహస్యాలేం కావు. ఒకే వైరస్ ఉన్న పిల్లల్ని ఒక వైపు చేరుస్తారు, వాళ్లని చూసే సిస్టర్లని విడిగా కేటాయిస్తారు. ఆటల గది మూస్తారు. అత్యవసరం కాని కీమోని కొన్ని రోజులు వాయిదా వేస్తారు. ఈ వాయిదా డాక్టర్‌కి కత్తిమీద సామే: వైరస్ కోసం ఆగితే క్యాన్సర్ ఆగదు. రెండు రోజులు ముందు కనిపెడితే ఇద్దరు పిల్లల కీమో ఆపితే సరిపోతుంది, వారం ఆలస్యమైతే వార్డు మొత్తానిదీ ఆపాల్సి రావొచ్చు.

ఈ లెక్కలన్నిటికీ ముందు ఒక మనిషి ఉంటుంది. ఆమె పిల్ల పక్కన రాత్రంతా కూర్చున్న తల్లి. యంత్రం కన్నా, రిజిస్టరు కన్నా ముందు ముక్కు కారడం చూసేది ఆమే. ఆమెకే రొంప పట్టినా మొదట తెలిసేది ఆమెకే. అయినా చాలాసార్లు నోరు విప్పదు. చెబితే తనని బయటికి పంపేస్తారేమో, పిల్ల కీమో వాయిదా పడుతుందేమో, మళ్లీ రావడానికి భర్త ఇంకో రోజు కూలి పోగొట్టుకోవాలేమో. ఆ భయాలు ఉత్తవి కావు. ఆయాకి జలుబు చేసినా అంతే, సెలవు పెడితే ఆ రోజు జీతం పోయే ఉద్యోగాల్లో ఎవరూ దగ్గుని ఒప్పుకోరు. చెప్పినవాళ్లకి నష్టం జరిగే చోట ఏ నిఘా వ్యవస్థా పనిచెయ్యదని నా అభిప్రాయం. తల్లికి మాస్కు ఇచ్చి అక్కడే ఉండనిచ్చే వార్డు, ఆయాకి జీతంతో సెలవిచ్చే ఆసుపత్రి వ్యాప్తిని ముందు కనిపెడతాయి. ఇరవై వైరస్‌ల ప్యానెల్ కొన్న ఆసుపత్రి కన్నా ముందు.

కీమో నడుస్తున్న పిల్ల మీ బంధువుల ఇంట్లో ఉంటే రెండు మాటలు. మీకు జలుబు ఉన్నప్పుడు పళ్లూ బిస్కెట్లూ పట్టుకుని చూడబోకండి, వీడియో కాల్‌లో పలకరించండి. ఆ పిల్లకి ఫ్లూ టీకా ఎప్పుడు, ఏది వెయ్యాలో క్యాన్సర్ డాక్టరే చెప్పాలి. వేసినా కీమో వల్ల అది పూర్తిగా పట్టకపోవచ్చు. అందుకే అదే గదిలో పడుకునే అన్న, నాన్న, నాయనమ్మ వేయించుకోవడం అంతకన్నా ముఖ్యం. టీకా పనిచెయ్యడానికి రెండు వారాలు పడుతుంది, చెన్నైలో ఫ్లూ అక్టోబరులో లేస్తుంది. ఆలస్యం చెయ్యకుండా సెప్టెంబరులోనే వేయించుకోండి.